లెక్కలోకి రాని రెండేళ్ళు

ఆ పాత మిషన్ ఒక్కసారిగా చచ్చినా బాగుండేది. చావదు, సరిగ్గా బతకదు. కోడలి మీద అలిగిన అత్తగారిలా గదిలో మూలన కూర్చుని రోజంతా గురగురలాడుతుంది. మామూలప్పుడు బాగానే ఉంటుంది. ఎవరో పెళ్ళికొడుకు తండ్రి వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, "ఏదీ, ఆ అమ్మాయి ఫొటో చూపించండి" అన్నాడో, అప్పుడే బిగుసుకుపోతుంది. ఫొటో నుదుటి దాకా వచ్చి ఆగుతుంది. ఆయన ఆ నుదురు వంక చూస్తూ కూర్చుంటాడు. ఆయన వంక కమలాకుమారి గారు, ఆవిడ వంక ఆమని.

చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో, మొదటి అంతస్తులో కమలాకుమారి గారి పెళ్ళిసంబంధాల ఆఫీసు. ముందొక హాలు, వెనకొక చిన్న గది. ఆ గదిలో ఉన్న ఆ నల్లటి ఇనప్పెట్టెనే అందరూ సర్వర్ అంటారు. ఆఫీసులో పేరిచ్చిన అమ్మాయిలూ అబ్బాయిలూ, వాళ్ళ నక్షత్రాలు, గోత్రాలు, జీతాలు, ఫొటోలు అన్నీ దాని కడుపులోనే. హాల్లో ఆమని ముందున్న కంప్యూటర్‌కు సొంత తెలివి లేదు. ఏది కావాలన్నా వెనకగది పెట్టెను అడిగి తెచ్చుకోవాలి.

పెట్టె వేడెక్కుతుందని ఆ గదిలో ఏసీ పెట్టించారు. ఆ ఏసీ కింద చాప వేసుకుని ఆమని కూతురు మిట్టు పడుకునేది.

అసలు సంగతి అదీ. మిషన్ వేగంగా నడిస్తే ఆమనికి ఏం, నత్తలా నడిస్తే ఏం? ఆమెకు కావలసింది ఆ చల్లటి గది. పోయిన ఎండాకాలం మిట్టుకు జ్వరమొచ్చి, చూస్తుండగానే కళ్ళు తేలేసి కొట్టుకుంది. ఫిట్స్ అన్నారు. పెద్దయ్యే కొద్దీ పోతాయి, అందాకా ఒళ్ళు కాలకుండా చూసుకోండి అని డాక్టరమ్మ తేలిగ్గా చెప్పి పంపింది. ఆమనికి మాత్రం అప్పటినుంచీ నిద్రలో కూడా చెయ్యి పిల్ల నుదుటి మీదే. వాళ్ళుండేది అశోక్‌నగర్‌లో, మేడ మీద రేకుల గది. మధ్యాహ్నమైతే రేకు కింద అప్పడం వేయించుకోవచ్చు. భర్త కేబుల్ పని మీద ఊరంతా తిరుగుతాడు. ఫిట్స్ అనే మాట వినగానే ప్లేస్కూలు వాళ్ళు దండం పెట్టి గేటు చూపించారు. ఇంటర్ రెండో ఏడాదిలో పెళ్ళి చేసి చదువు మాన్పించిన తనలాంటిదానికి కుర్చీలో కూర్చునే ఉద్యోగం దొరకడమే గొప్ప. అందులో పిల్లను పడుకోబెట్టుకోవడానికి ఏసీ గది దొరకడం ఎన్ని జన్మల పుణ్యమో!

ఆ పుణ్యం కాస్తా ఒక సోమవారం తీరిపోయింది.

"కొత్త మిషన్ చెప్పాను ఆమనీ" అన్నారు కమలాకుమారి గారు, పాన్ డబ్బా మూస్తూ. "ఇంతే ఉంటుందట, మిఠాయి డబ్బా అంత. నీ టేబుల్ మీదే పెట్టేస్తారట. ఏసీ గీసీ ఏమీ అక్కర్లేదట. ఆ వెనక గది ఖాళీ అవుతుంది, గ్రూప్స్ చదివే అమ్మాయొకతె కిరాయికి అడుగుతోంది. ఇచ్చేస్తున్నాను."

"మంచిదే మేడం" అంది ఆమని.

అని, నాలుక కరుచుకుంది. మరి మిట్టు ఎక్కడ పండాలె అని అడగాలి. అడిగితే ఏమొస్తుంది? "పిల్లని చూసుకోవాలంటే ఇంట్లో ఉండు మరి" అని వస్తుంది. ఆ మాట ఆవిడ నోట్లోంచి రాకుండా ఉండాలంటే ఈ మాట తన నోట్లోంచి రాకూడదు. అలా మింగింది. మింగిన మాట గొంతులో చేప ముల్లులా ఉండిపోయింది.

నారాయణగూడలో కంప్యూటర్ల కొట్టు నుంచి నరేంద్ర వచ్చాడు. వస్తూనే పని మొదలుపెడతానన్నాడు. రాహుకాలం వెళ్ళేదాకా వీల్లేదన్నారు కమలాకుమారి గారు. మిఠాయి డబ్బా ఒళ్ళో పెట్టుకుని, సంబంధం చూసుకోవడానికి వచ్చిన పెళ్ళికొడుకులా సోఫాలో కూర్చున్నాడు పాపం. రాహుకాలం వెళ్ళింది. ఆవిడ పసుపూ కుంకుమా తెచ్చారు. అతను డబ్బాకు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"వద్దు మేడం! అవి గాలి పోయే తొర్రలు. పాతదాని కడుపుల చూసిండ్రా ఎప్పుడన్న? శుక్రవారం శుక్రవారం పెట్టిన బొట్టంత లోపల్నే ఉన్నది. తవ్వితే కిలో పసుపెల్తది."

"పన్నెండేళ్ళు నడిచిందంటే ఆ పసుపు వల్లే నడిచింది బాబూ" అన్నారావిడ. అని డబ్బా నెత్తిన చిన్న బొట్టు పెట్టనే పెట్టారు.

నరేంద్ర వెనకగదిలో కింద కూర్చుని పాత పెట్టెకూ కొత్త డబ్బాకూ మధ్య వైరు కలిపాడు. పక్కనే చాప మీద మిట్టు. అది లేచి ఆ వైరు పట్టుకుంటుందేమోనని ఆమని గుమ్మంలోనే నిలబడింది.

"ఏం చేస్తున్నవన్నా? పాతదాన్ని ఇప్పుతవా?"

"ఇప్పుడెందుకక్కా. దాన్ల ఉన్నదంత ఉన్నదున్నట్టు ఎత్తి ఇందుల పెడ్తున్న. పాత మిషన్ ఇగ ఈ డబ్బాల కిరాయికుంటదన్నట్టు. ఇల్లు మారిన ముచ్చట దానికే తెల్వది."

"తెల్వకపోవుడేంది? కొత్త ఇంట్ల నిద్రన్న పట్టదు గద."

"మనుషులకక్కా. దీనికి ఓనర్ ఏది చెప్తే అదే నిజం. కరెంటు ఓనర్ ఇస్తడు, జాగ ఓనర్ ఇస్తడు, ఆఖరుకు టైమెంతైందో గూడ ఓనరే చెప్తడు."

కిరాయి ఇళ్ళలో పుట్టి పెరిగిన ఆమనికి ఆ మాత్రం అర్థమైంది. కానీ ఆ ఇల్లు మారడమే ఓ పట్టాన తెమల్లేదు. సామానంతా వెళ్ళిపోయింది అనుకునే సరికి చివర్లో ఆగిపోయేది. మళ్ళీ మొదటినుంచి. ఇంకోసారీ అంతే. మధ్యలో కింది అంతస్తు వాళ్ళు మోటర్ వేస్తే కరెంటు టపుక్కుమంది. నరేంద్ర తల గోడకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"డిస్కు ముసల్దైపోయిందక్కా. ఒక్కొక్క ముక్క బతిమాలి బతిమాలి తీస్కోవాలె. మా అవ్వతోని మందుగోలీలు మింగిచ్చినట్టు."

"అయిందా బాబూ?" అని హాల్లోంచి కమలాకుమారి గారు.

"అయితున్నది మేడం."

"పొద్దున్నుంచీ అవుతూనే ఉంది కదయ్యా!"

"మీరు బొట్టు జర పెద్దగ పెట్టుంటే ఎప్పుడో అయ్యేది మేడం."

ఆమనికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. కాకూడదు, కాకూడదు అని ఒక పక్క మొక్కుకుంటోంది. ఇంకో పక్క ఆ కుర్రాడి మొహం చూస్తే, త్వరగా అయిపోతే బాగుండు పాపం అనిపిస్తోంది. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. నిలబడ్డ చోట కాళ్ళు పీకుతున్నాయి.

సాయంత్రానికి అయింది. అవడమంటే అలా ఇలా కాదు. రోహిణి నక్షత్రం అబ్బాయిలు అని కొట్టేసరికి కన్ను మూసి తెరిచేలోగా వరసగా నిలబడ్డారు, నుదుళ్ళతో సహా గడ్డాలతో సహా. కమలాకుమారి గారు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. నరేంద్ర వెనకగదికి వెళ్ళి పాత పెట్టె ఆపేశాడు. గురగుర ఆగిపోయింది. అంతకాలం ఆ చప్పుడు విని విని అలవాటైన గదిలో ఇప్పుడు ఏసీ చప్పుడొక్కటే. కమలాకుమారి గారు రిమోటు తీసుకుని అదీ ఆపేశారు.

"ఇంకెందుకు, కరెంటు దండగ" అన్నారు. ఏసీకి ఇంకా చల్లగానే ఉన్న పిల్ల నుదురు ముట్టుకుంటూ, మిట్టును చాపతో సహా ఎత్తుకొచ్చింది ఆమని.

ఆ వారమంతా మిట్టు హాల్లో టేబుల్ కింద పడుకుంది. పైన ఫ్యాను తిరుగుతోంది గానీ వేడి గాలినే అటూ ఇటూ తిప్పుతోంది. ఆమని ఒక చేత్తో కీబోర్డు, ఒక చేత్తో పిల్ల నుదురు. కాగితాలు మాత్రం చకచకా వెళ్ళిపోతున్నాయి. ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. మొదట పంపే పరిచయం కాగితంలో పుట్టిన తేదీ ఉండదు. పేరు, చదువు, నక్షత్రం, వయసు, అంతే. వయసు మిషనే లెక్కకట్టి వేస్తుంది. రెండు పక్కలా నచ్చాకే జాతకాలు, తేదీలు. ఇంకో పద్ధతి ఏమిటంటే, కాగితం మీద ఆ రోజు తేదీని పెన్నుతో రాయాలి. మిషన్ తేదీ వెయ్యకూడదు. "శుభకార్యం, చేత్తో రాస్తేనే మంచిది" అని చేరిన రోజే చెప్పారు కమలాకుమారి గారు. ఆమని అలాగే రాసేది.

తర్వాతి బుధవారం పొద్దున మెట్ల మీది నుంచే ఒక గొంతు వినబడింది.

"కమలాకుమారి మేడం! ఉన్నరా లోపట? మా త్రివేణికి ఇరవై తొమ్మిదా, ముప్పై ఒకటా? ముందుగాల అది తేల్చుండ్రి!"

నారాయణగూడ నళిని గారు. కూతురు త్రివేణి బ్యాంకులో పనిచేస్తుంది. బర్కత్‌పురలో ఒక సంబంధం దాదాపు మాటల దాకా వచ్చింది. నళిని గారు లోపలికి వచ్చి చేతిసంచీ టేబుల్ మీద విసిరి, ఫోను తీసి ఆమని మొహం ముందు పెట్టారు.

"పోయిన నెల మీరు పంపిన కాగితంల ఇరవై తొమ్మిది. వాళ్ళ మేనత్తకు చూపియ్యాలె, ఇంకోటి పంపుండ్రి అంటే నిన్న మీరే పంపిండ్రు. దాన్ల ముప్పై ఒకటి. పిల్లగాని తండ్రి ఫోన్ చేసి ఏమడిగిండో తెల్సా? మీ అమ్మాయికి నెలకు రెండు పుట్టినరోజులొస్తయా అన్నడు. నా తలకాయ ఎక్కడ పెట్టుకోవాలె?"

ఆమని త్రివేణి పేజీ తీసింది. వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఎటు పెట్టినా ముప్పై ఒకటే.

"పుట్టిన తేదీ మీరిచ్చిందే గదా అమ్మా..."

"తేదీ నాకు తెల్వదా? నేనే కన్న! నేనడుగుతున్నది వయసు!"

ఈలోగా ఫోను మోగింది. హైదర్‌గూడ నుంచి ఒక తండ్రి, అబ్బాయికి ఇరవై ఎనిమిదల్లా ముప్పై ఎలా అయిందని. అది పెట్టగానే ఇంకొకటి. ఆమని గబగబా పది పేజీలు తిప్పింది. అందరికీ రెండేసి ఏళ్ళు. రాత్రికి రాత్రి ఆఫీసు మొత్తం ముదిరి కూర్చుంది.

నిజం చెప్పాలంటే, పాత మిషన్ వేసే వయసులు కాస్త తక్కువగా ఉన్నాయని ఆమనికి ఇదివరకు ఒకటి రెండుసార్లు అనిపించకపోలేదు. జాతకాల లెక్కలో వయసు వేరేగా వస్తుందేమో, చదువుకోని నాకేం తెలుసు అని ఊరుకుంది. ఏ తల్లీ అడగనూ లేదు. కూతురికి రెండేళ్ళు తగ్గాయని ఏ తల్లి ఫిర్యాదు చేస్తుంది?

కబురు చేస్తే నరేంద్ర పరుగున వచ్చాడు. ఏవేవో నొక్కాడు, చూశాడు, వెనక్కి వాలాడు.

"మేడం, ఇది కరెక్టే చెప్తున్నది. పాత మిషన్ల తేదీయే రెండేళ్ళు ఎనకకు ఉండె. మొన్న చెప్పిన గద, ఇప్పుడు టైం ఓనర్ చెప్తడు. కొత్త డబ్బా నెట్టు నుంచి అసలు తేదీ తెచ్చి లోపల కిరాయికున్న పాతదానికి చెప్పింది. పాపం, ఎన్నేండ్లబట్టి తప్పున్నదో ఎవ్వలు చూస్కోలె."

"ఎవరూ చూసుకోకపోవడమేంటి? నేనే పెట్టించాను" అన్నారు కమలాకుమారి గారు.

అందరూ ఆవిడ వంక తిరిగారు. ఆవిడ మొహంలో తప్పు చేసిన జాడేమీ లేదు. ఏదో గుడికి మెట్లు కట్టించిన సంగతి చెబుతున్నట్టుంది.

"కరోనా పోయి ఆఫీసు తెరిచాక చూద్దును కదా, అందరికీ వయసు మీద పడింది. పెళ్ళిచూపుల్లేవు, ముహూర్తాల్లేవు, ఇంట్లో తలుపులేసుకుని కూర్చున్న రెండేళ్ళవి. ఆ పిల్లలేం పాపం చేశారు? దేవుడే లెక్కలో రాయని రెండేళ్ళు నేనెందుకు రాయాలి? అప్పటి కంప్యూటరబ్బాయిని పిలిచి, మిషన్‌ను రెండేళ్ళు వెనక్కి తిప్పమన్నాను. అబద్ధమాడలేదే. తేదీ అడిగినవాళ్ళకి అసలు తేదీయే ఇచ్చాను."

పెన్నుతో తేదీ రాయడం ఎందుకో ఆమనికి ఇప్పుడర్థమైంది. తల పట్టుకుంది.

నళిని గారు మాత్రం మళ్ళీ అందుకున్నారు. "మరి అంత మంచి పని చేసి ఇప్పుడెందుకు తీసిండ్రు? పెట్టుండ్రి ఎనకకు!"

"పెట్టెయ్ బాబూ" అన్నారు కమలాకుమారి గారు.

"పెట్టొచ్చు మేడం. టైం ఓనర్ను అడగాల్నా వద్దా అని ఇక్కడొక టిక్కుంటది. తీసేస్తే అయిపాయె. గని నిన్నటి దాక పోయిన కాగితాలు ఏం చేస్తరు? కొందరింట్ల అసలు వయసు, కొందరింట్ల మీ వయసు."

"కాగితాల సంగతి తర్వాత. బాబూ, మా పిల్లది తగ్గియ్యి. ఆ బర్కత్‌పుర పిల్లగానిది అసలుదే ఉంచు. ముప్పై నాలుగంట వానికి! ముప్పై రెండని చెప్పి మమ్మల్ని మోసం చేసిండ్రు వాళ్ళు!"

"నళినిగారూ, గడియారం ఒక్కటే. తగ్గితే అందరికీ తగ్గుతుంది, లేదంటే అందరికీ ఉంటుంది."

"మీకు ఎన్నేండ్లబట్టి తెల్సు మేడం నేను? ఒక్క పిల్లకు తగ్గియ్యలేరా?"

"ఇదేమైనా బేరమా?"

"బేరం కాకపోతే ఏంది మరి!"

ఇద్దరూ లేచి నిలబడ్డారు. మధ్యలో నరేంద్ర "మేడం, మేడం" అంటున్నాడు. ఫోను మోగుతోంది. టేబుల్ కింద మిట్టు ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడ్చింది. ఆమని వంగి ఎత్తుకుంది. ఒళ్ళు సెగలు కక్కుతోంది. పిల్ల కళ్ళు ఒక్కసారి పైకి తేలినట్టు అనిపించింది.

"జర నోర్లు మూస్తరా అందరు!"

ఎవరిదా గొంతు అని ఆమనే అటూ ఇటూ చూసింది. తనదే. ఫోను కూడా ఆగింది. సంచీలోంచి థర్మామీటరు తీసి పిల్ల చంకలో పెట్టింది. పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి పిలుస్తోందో తెలియదు. కీచుమని మోగింది. తీసి చూసింది. మళ్ళీ చూసింది. జ్వరం లేదు. ఉక్కపోత, అంతే. ఏడ్చి ఏడ్చి కళ్ళు తిప్పుకుంది, అంతే.

జ్వరం లేదని తెలిశాక ఆమనికి ఏడుపు ఆగలేదు. దానితో పాటు గొంతులో ముల్లూ బయటికొచ్చింది.

"మీకు రెండేండ్లు పోయినయని ఏడుస్తున్నరు. నాకైతే దీనికి ఈ ఎండాకాలం ఎల్లాలె మేడం, గంతే. ఆ గది కిరాయికిస్తే నా బిడ్డ ఎక్కడ పండాలె? ఇంట్ల పండవెడ్తే రేకులు, ఈడ పండవెడ్తే ఉక్క. ఎవ్వలన్న అడిగిండ్రా నన్ను?"

కమలాకుమారి గారు మెల్లగా కుర్చీలో కూర్చున్నారు.

"గది ఇచ్చేస్తున్నానంటే మంచిదే మేడం అన్నావు కదే!"

"ఇంకేమంటం మేడం? వద్దంటే నన్నే వద్దంటరేమో అని."

"నీ మొహం. నీ మనసులో మాట నేను జాతకం చూసి తెలుసుకోవాలా?" కోపం తగ్గలేదావిడకు. కాసేపు మిట్టు వంక, కాసేపు వెనకగది తలుపు వంక చూశారు. "ఆ అమ్మాయికి మాటిచ్చేశాను. రేపో మాపో పుస్తకాలు తెచ్చుకుంటుంది. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోను."

ఆమని తలవంచుకుంది. అడిగితే ఇదే వస్తుందని తెలుసు.

"కానీ గది అని చెప్పాను. ఏసీ గది అని నేనెక్కడ చెప్పాను?" ఆవిడ నరేంద్ర వైపు తిరిగారు. "బాబూ, ఆ ఏసీ విప్పి ఈ గోడకి బిగించు."

"నేను సర్వర్లు చూస్త మేడం! ఏసీలు కాదు!"

"అంత మిషన్ను ఇల్లు మార్చినవాడివి, ఏసీని గోడ మార్చలేవా?"

నరేంద్ర ఆకాశం వంక చూశాడు. అక్కడ ఫ్యాను తప్ప ఏమీ కనిపించలేదు. ఫోను తీసి, తెలిసిన ఏసీ మనిషి ఎవరో ఉంటే వాణ్ణి రమ్మన్నాడు.

"అందాకా వెనకగదిలో పడుకోబెట్టు, చూస్తావేం?" అన్నారు కమలాకుమారి గారు రిమోటు అందిస్తూ. "ఇంకోసారి ఇలా అరవకు. అరిచే ముందు చెప్పు."

ఏసీ హాల్లోకి వచ్చింది. వెనకగదిలోకి గ్రూప్స్ అమ్మాయి టేబుల్ ఫ్యానుతో వచ్చింది. ఇక వయసుల సంగతి. కమలాకుమారి గారు ఒకపూట టిక్కు తీయించారు. ఆ పూటలోనే, నిన్నటి కాగితానికీ ఇవాళ్టి కాగితానికీ పొంతన లేదని ఇంకో ఇద్దరు తండ్రులు మెట్లెక్కారు. చేసేది లేక మళ్ళీ పెట్టించారు. ప్రస్తుతానికి అందరి వయసులూ అసలువే ఉన్నాయి. నళిని గారు మాత్రం పట్టు వదల్లేదు. శనివారం మధ్యాహ్నం మళ్ళీ వచ్చారు, తలుపు తోస్తూనే నోరు తెరిచారు.

ఆమని చటుక్కున పెదవుల మీద వేలు పెట్టి కిందికి చూపించింది. టేబుల్ పక్కన, ఏసీ గాలి తిన్నగా తగలకుండా కుర్చీకి చున్నీ కట్టి చేసిన చాటున, మిట్టు వెల్లకిలా పడి నిద్రపోతోంది.

నళిని గారు నోరు మూసుకున్నారు. చెప్పులు వదిలి, మునివేళ్ళ మీద నడిచి వచ్చి కమలాకుమారి గారి పక్కన కూర్చున్నారు. చెవి దగ్గరికి వంగారు.

"రెండు కాకపోతే మానె మేడం" గుసగుసగా అన్నారు. "ఒక్క ఏడాదన్న తగ్గియ్యుండ్రి."

"అందరికీ తగ్గుతుందండీ" గుసగుసగానే పళ్ళు నూరారు కమలాకుమారి గారు. "ఆ అబ్బాయికీ తగ్గుతుంది."

"వానికెందుకు తగ్గియ్యాలె?"

"గడియారం ఒక్కటే అని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

కొత్త ప్రింటరు పెట్టడానికి వచ్చి మూలన వైర్ల మధ్య కూర్చున్న నరేంద్ర వైపు నళిని గారు ఆశగా తిరిగి, ఒక వేలు చూపించారు. అతను రెండు చేతులూ జోడించాడు.

"టిక్కుంటే ఉంటదమ్మా, లేకుంటే ఉండది" అని గొంతు రానివ్వకుండా చెప్పాడు. "సగం టిక్కు ఎక్కడా ఉండది."

నళిని గారు ఒక నిట్టూర్పు విడిచి, కొంగు భుజం నిండా కప్పుకుని, సోఫాలో వెనక్కి జారగిలబడ్డారు. ఎండన పడి వచ్చారేమో, వెంటనే లేచే ఉద్దేశం ఉన్నట్టు లేదు. మెట్ల మీద ఇంకెవరివో చెప్పుల చప్పుడు, దాని వెంటే ఒక కోపపు గొంతు. ఆమని లేచి, పెదవుల మీద వేలు పెట్టుకుని తలుపు దగ్గరికి ఎదురు నడిచింది.